రెండో భాగంలో త్సోలో

"ఉన్న ఒక్క మంచివాణ్ణీ చంపేశారు. ఇప్పుడు నా రక్తం కూడా లాగేయండి," అన్నాడు డాక్టర్ రుసెవ్, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ.

"పిడికిలి బిగించండి," అంది వెనెతా.

"బిగించే ఉంది. మీ రెండో భాగం చదివినప్పటినుంచీ విప్పలేదు."

సూది దిగింది. గాజుగొట్టంలో రక్తం నల్లగా పైకి పాకింది. రుసెవ్ దాన్ని చూడకుండా కిటికీ వైపు తిరిగి మాట్లాడుతూనే ఉన్నాడు. మొదటి భాగం ఒక్క బిగిన చదివాడట. రెండోది మూడుసార్లు మూసి పక్కన పెట్టాడట. ఓడ బయల్దేరిన చోటుకీ చేరాల్సిన చోటుకీ మధ్య వేలాడుతూ ఉంటుంది, ఏదీ జరగదు, వంటగదిలో ఉల్లిపాయలు అయిపోవడం మీద ఒక అధ్యాయం నడుస్తుంది, తీరా ఏదైనా జరిగిందీ అంటే అది మెకానిక్ చావు.

"సోఫియాలో మా పాఠకుల క్లబ్బువాళ్లు మీ మీద ఎంత కోపంగా ఉన్నారో తెలుసా? శనివారం సభకి బండెడు మంది దిగుతున్నారు. జాగ్రత్త."

"దూది అలాగే నొక్కి పట్టుకోండి," అంది వెనెతా.

లోమ్ పట్టణ ఆసుపత్రిలో పదిహేడేళ్లుగా ఆమె పని ఇదే. పొద్దున్న రక్తం తియ్యడం, మధ్యాహ్నం దాన్ని పరీక్షించడం. తెల్లవారకముందే లేచి వంటింటి బల్ల మీద రాసుకునేది. నక్షత్రాల మధ్య ఖనిజం మోసుకుంటూ ఎడ్లబండిలా నడిచే ఒక సరుకుల ఓడ, అందులో పన్నెండుమంది మనుషులు, మూడు భాగాల కథ. మొదటి భాగం అచ్చయినప్పుడు సోఫియా ప్రచురణకర్త కూడా ఆశ్చర్యపోయాడు. చదివినవాళ్లకి ఓడ గుర్తులేదు, నక్షత్రాలు గుర్తులేవు, మెకానిక్ త్సోలో గుర్తున్నాడు. యంత్రాన్ని మొండి గాడిదను తిట్టినట్టు తిట్టేవాడు, తిట్టాక దానికి క్షమాపణ చెప్పుకునేవాడు. అంత పాతకాలపు పల్లెటూరి పేరును అంతరిక్షంలోకి తీసుకెళ్లడం ఎంత చమత్కారమో అని ఒక పత్రిక రాసింది.

అందులో చమత్కారమేమీ లేదు. అది ఆమె తమ్ముడి పేరు. ఆ తిట్లు కూడా వాడివే.

త్సోలో డాన్యూబ్ నది మీద సరుకు బార్జీలను నెట్టే పడవలో మెకానిక్. మొదటి భాగం అచ్చయిన ఏడాదే, ఆకురాలు కాలంలో, ఎగువ రేవు విదిన్ నుంచి దిగి వస్తూ ఉండగా, తెల్లారేసరికి పడవలో లేడు. ఎవరూ చూడలేదు. ఇటు ఒడ్డూ వెతికారు, అటు రొమేనియా ఒడ్డూ వెతికారు. శవం దొరకలేదు.

దొరకలేదు కాబట్టి చావలేదు, అంది తల్లి తోంకా. అంతే, ఆ మాట మీద కూర్చుంది. ఆ ఊళ్లో మనిషి పోతే శ్రద్ధాంజలి కాగితాలు అంటిస్తారు. ఇంటి గేటుకి, కరెంటు స్తంభాలకి, బస్టాపులో. పోయిన నలభయ్యో రోజున ఒకటి, ఆరో నెలలో ఒకటి, ఏడాది నిండాక ఒకటి. తోంకా గేటు మీద ఎండకు వెలిసిన భర్త బొమ్మ ఒక్కటే ఉంది. చర్చిలో బతికున్నవాళ్ల కోసం కొవ్వొత్తి పైవరసలో పెడతారు, పోయినవాళ్ల కోసం కింద ఇసుకలో గుచ్చుతారు. ఆమె మోకాళ్ల నొప్పితో మునివేళ్ల మీద లేచి మరీ కొడుకు కొవ్వొత్తిని పైవరసలోనే పెట్టేది. మొదట్లో జనం జాలిపడ్డారు. తర్వాత అలవాటుపడ్డారు. ఆ గేటు ముందు నడుస్తూ, ఇంకా అంటించలేదు, అని గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు.

రెండో భాగం వెనెతా ఆ తర్వాత రాసింది. పుస్తకంలో త్సోలో నోరు తెరిచినప్పుడల్లా ఆమె చెయ్యి ఆగిపోయేది. వాడికి కొత్త మాటలు తను కల్పించాలి. పాత మాటలు అయిపోయాయి. ఏడాదిపాటు వాణ్ణి యంత్రం వెనక దాచి, నిద్రపుచ్చి, జ్వరం తెప్పించి చూసింది. చివరికి ఒక అధ్యాయంలో, ఓడ బయటి గొట్టం బాగుచెయ్యడానికి వాడు ఒక్కడే వెళ్లాడు. తిరిగి రాలేదు. శవాన్ని వర్ణించడం ఆమెకు చేతకాలేదు, కాబట్టి శవం కూడా దొరకలేదు.

తోంకాకి మొదటి భాగం దాదాపు నోటికొచ్చు. రెండోది ఏమైందని అడిగినప్పుడల్లా వెనెతా, "ప్రెస్సులో ఉందమ్మా, ఆలస్యమవుతోంది," అనేది. ప్రచురణకర్త పంపిన కాపీలు ఆసుపత్రిలో, ఖాళీ సీసాల బీరువాలో, ముడి విప్పని కట్టగా ఉన్నాయి. లోమ్‌లో అంతరిక్షం కథలు చదివేవాళ్లు తక్కువ. చదివినవాళ్లు త్సోలోని ఎరగరు, ఎరిగినవాళ్లు చదవరు. రుసెవ్ ఊరికొచ్చి ఏడాది కూడా కాలేదు.

రెండూ తెలిసినవాడు గెర్గో ఒక్కడే. రేవులో క్రేను నడుపుతాడు, త్సోలోతో కలిసి చదువుకున్నాడు. షుగరు పరీక్షకని వచ్చి చెయ్యి చాపి కూర్చున్నాడు. లేచి వెళ్లబోతూ అడిగాడు.

"మీ అమ్మ చదివిందా?"

"లేదు."

"చదవనివ్వకు అక్కా."

ఉత్తరాలు మాత్రం వస్తూనే ఉన్నాయి. త్సోలో లేని మూడో భాగాన్ని నా డబ్బుతో కొనను, అని ఒకాయన. మీకు ఓడలంటే విసుగు పుట్టింది, సరే, మనుషులంటే కూడానా, అని ఒకామె. శవం చూపించలేదంటే మాకు అర్థం కాదనుకున్నారా, మూడో దాంట్లో తలుపు తట్టి వస్తాడు, మేం పందెం కట్టుకున్నాం, అని కొందరు. ఈ చివరి రకం ఉత్తరాలను వెనెతా చదివిన వెంటనే చింపేసేది.

శనివారం పొద్దున్న ఆమెకు డ్యూటీ ఉంది. సభ మధ్యాహ్నం, ఊరి పఠనమందిరంలో. వరండాలో వరసలో కూర్చున్న ఒక ముసలామె ఆమెను చూడగానే లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుని, ఆ ఊళ్లో పోయినవాళ్లకి చెప్పే మాటే చెప్పింది.

"దేవుడు వాణ్ణి క్షమించుగాక తల్లీ. దొరికాడన్నమాట. నలభై రోజులైందట, ఒక్కరికీ చెప్పనే లేదే."

"ఎవరు దొరికారు?"

"అయ్యో, మీ తమ్ముడే. స్టేషను నుంచి దారి పొడుగునా అంటించారుగా."

వెనెతా చేతి తొడుగులతోనే బయటికి నడిచింది. మొదటి స్తంభం మీదే ఉంది. నల్లంచు, పైన శిలువ, కింద పెద్ద అక్షరాలు. *నలభై రోజులుగా మా మధ్య లేని, మా ప్రియమైన మెకానిక్ త్సోలో. నువ్వు బాగుచేసినవన్నీ ఇంకా నడుస్తున్నాయి. నువ్వు లేక మేమే ఆగిపోయాం. — దుఃఖిస్తున్న నీవాళ్లు.* ఫొటో ఉండాల్సిన చోట పుస్తకం అట్ట మీది బొమ్మ. జిరాక్సులో నల్లబడి, ఎవరో ఒక మగమనిషి అటు తిరిగి నిలబడినట్టుంది. పుస్తకం వచ్చి నలభై రోజులైంది. సోఫియా పాఠకులు పొద్దున్న రైలు దిగి, ప్రేమకొద్దీ, సరదాకొద్దీ అంటించుకుంటూ పోయారు. తర్వాతి స్తంభానికీ ఉంది. బస్టాపులోనూ ఉంది. ఆ పేరు గలవాడు ఆ ఊళ్లో ఒక్కడే.

ఆమె ఒకటి చింపింది. ఇంకోటి చింపింది. తర్వాత చింపడం మానేసి ఇంటికి పరుగెత్తింది.

పోయినవాళ్ల పేర పంచే ఉడికించిన గోధుమల పళ్లాలు ఇరుగుపొరుగు నుంచి వంటింటి బల్ల మీదికి అప్పటికే వచ్చేశాయి. పంచదార చల్లి, మీద కొవ్వొత్తి గుచ్చి ఉన్నాయి. పక్కింటి పెనా స్టవ్వు దగ్గర నిలబడి కాఫీ కాస్తోంది.

"అమ్మేదీ?"

"రేవు ఆఫీసుకి పోయింది. నేను కూడా వస్తానన్నా, వద్దంది." పెనా కళ్లు తుడుచుకుంది. "కాగితం గురించి చెప్పింది నేనే. నీకు తెలిసే ఉంటుందనుకున్నానే. మాట్లాడకుండా బీరువా తీసింది. వాడి సూటు, బూట్లు సంచిలో పెట్టుకుంది. ఏడవలేదు కూడా. ఎన్నాళ్లకో పని దొరికినదానిలా పోయింది."

రేవు ఆఫీసులో తోంకా గోడ పక్క బెంచీ మీద కూర్చుని ఉంది. సంచి ఒళ్లో ఉంది. అధికారి ఫోనులో విదిన్‌వాళ్లతో మాట్లాడుతూ, వెనెతాని చూడగానే, నాకేమీ అర్థం కావడం లేదు అన్నట్టు భుజాలెగరేశాడు. గుమ్మం దగ్గర గెర్గో, క్రేను దిగి వచ్చినవాడు, టోపీ చేత్తో నలుపుతున్నాడు.

"ఇతనికి తెలీదంట," అంది తోంకా. గొంతు మామూలుగానే ఉంది. "ఎక్కడ పెట్టారో కనుక్కోమన్నా. నలభై రోజులు ఎక్కడ పెట్టుకున్నారో, చలిలో. చొక్కా ఇస్త్రీ చెయ్యడానికి టైము లేకపోయింది. నువ్వు చేస్తావుగా?"

"అమ్మా, దొరకలేదు."

"కాగితాలు చూళ్లేదా?"

"చూశాను. అది మన త్సోలో కాదు. పుస్తకంలో త్సోలో. సోఫియా నుంచి వచ్చిన పాఠకులు సరదాకి అంటించారు. వాళ్లకి మన సంగతి తెలీదు."

తోంకా ఆమె వైపే చూసింది. సంచి మీది చేతులు కదల్లేదు. ఆ ముఖంలో ఊరట కోసం వెతికింది వెనెతా. కనపడలేదు. గంటసేపు ఆ మనిషికి కొడుకు దొరికాడు. చల్లగానో, ఉబ్బిపోయో, ఎక్కడో ఒకచోట ఉన్నాడు, బట్టలు తొడగవచ్చు. ఇప్పుడు మళ్లీ లేడు.

"పుస్తకంలో త్సోలోకి శ్రద్ధాంజలి ఎందుకు?"

వెనెతా చేతి తొడుగులు ఒక్కొక్కటే విప్పసాగింది.

"రెండో భాగం ప్రెస్సులో ఉందన్నావు."

"వచ్చిందమ్మా."

"వాడేమయ్యాడు అందులో?" అని అడిగి, కూతురు ముఖం చూసి, తనే అంది. "చంపావు."

"అమ్మా..."

"నిన్నే అడుగుతున్నా. చంపావా?"

"చంపాను."

అధికారి ఫోను మెల్లగా కింద పెట్టాడు. తోంకా సంచి చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని లేచింది.

"అంటే నువ్వు ఎప్పుడో వదిలేశావన్నమాట వాణ్ణి. ఒకే ఇంట్లో ఉండి, నా ఎదురుగా కూర్చుని తింటూ." కాస్త ఊపిరి తీసుకుంది. "చదివినవాళ్లు ఎక్కడున్నారు?"

"ఎందుకమ్మా?"

"ఎక్కడున్నారే?"

పఠనమందిరంలో కుర్చీలు సగం నిండాయి. ఇరవై, ముప్ఫై ఏళ్లవాళ్లు, చేతులకు నల్ల రిబ్బన్లు. ప్లాస్టిక్ కప్పుల్లో వాళ్లూ గోధుమలు తెచ్చుకున్నారు. రుసెవ్ బల్ల మీద కూర్చుని ఒకమ్మాయితో వాదిస్తున్నాడు. వెనెతా లోపలికి రాగానే చప్పట్లు, ఈలలు, వాటి మధ్య ఎవరో, "హంతకురాలు వచ్చింది, లేవండి," అన్నారు. అందరూ నవ్వుతూ లేచారు. ఆమె చెయ్యెత్తి ఆపబోయింది. తోంకా అప్పటికే నడుచుకుంటూ ముందు వరసకు వెళ్లి కూర్చుంది.

పొడుగాటి యువకుడొకడు వంగి ఆమెకు ఒక కప్పు అందించాడు. వాడి పేరు కామెన్, సోఫియాలో కట్టుడుపళ్లు చేస్తాడు. ఆ కాగితాలు తయారుచేసింది వాడే.

"తీసుకోండి పెద్దమ్మా. మా త్సోలోని దేవుడు క్షమించుగాక. మీరూ చదివారా?"

"మొదటిది చదివా. రెండోది నాకివ్వలేదు." కప్పు అందుకోలేదు. "శవం దొరికిందా బాబూ?"

కామెన్ ముఖం వెలిగింది. వెనక్కి తిరిగి, "చూశారా, పెద్దమ్మ ఎక్కడ పట్టుకుందో," అన్నాడు. "దొరకలేదు పెద్దమ్మా. మా గొడవంతా అదే. రచయిత్రిగారు తెలివిగా దాటేశారు. వాడు నడుముకి కట్టుకెళ్లిన తాడు ఓడ తలుపు దగ్గర వేలాడుతూ ఉందని రాశారు, అంతే. మనిషిని చూసినవాడు లేడు."

"శవం లేకపోతే చావు లేదు," అంది రుసెవ్‌తో వాదిస్తున్న అమ్మాయి. "మూడు భాగాల కథల్లో అది రూలు. రెండో దాంట్లో మాయమైనవాడు మూడో దాంట్లో రావాల్సిందే. ఇంకో ఓడ ఎక్కి ఉంటాడు. ఎవరో కాపాడి ఉంటారు. దెబ్బ తగిలి పేరు మర్చిపోయుంటాడు."

"అవతలి ఒడ్డున," అంది తోంకా.

"అంతే, అవతలి ఒడ్డున. బాగా చెప్పారు పెద్దమ్మా."

"నేనూ అదే అంటున్నా. రెండేళ్లుగా. ఒక్కరు వింటే ఒట్టు." తోంకా ముఖం విచ్చుకుంది. రెండేళ్లలో మొదటిసారి ఆమెకు తనవాళ్లు దొరికారు. కూతురి వైపు తిరిగింది. "విను. వీళ్లు చదువుకున్నవాళ్లు."

"పుస్తకం వచ్చి రెండు నెలలు కూడా కాలేదుగా," అని నవ్వబోయాడు కామెన్.

వెనెతా వాడి వైపు ఒక అడుగు వేసింది. వెనకే వచ్చిన గెర్గో కామెన్ భుజం మీద చెయ్యి వేశాడు. రహస్యంగా చెబుదామనుకున్నాడు గానీ క్రేను మీద పనిచేసేవాడి గొంతు, ముందు వరసలన్నిటికీ వినపడింది.

"త్సోలో ఆవిడ కొడుకురా. ఏట్లో పోయాడు."

వెనక వరసల్లోకి ఆ మాట దానంతటదే పాకింది. ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. ఎవరో చేతి రిబ్బను విప్పి గుప్పిట్లో దాచుకున్నారు. రుసెవ్ బల్ల దిగి, ఎక్కడ నిలబడాలో తెలియక, గోడకి ఆనుకున్నాడు.

తోంకా వాళ్లను చూసింది.

"చెప్పండి. ఆపేశారేం?"

కామెన్ చేతిలోని కప్పు కింద పెట్టాడు.

"ఇందాకటిదాకా చెప్పారుగా. శవం లేకపోతే చావు లేదని. నువ్వు చెప్పమ్మా, రూలన్నావు. మావాడిక్కూడా దొరకలేదు. చెప్పు."

ఆ అమ్మాయి పెదవులు కదిలాయి. "క్షమించండి," అంది.

"క్షమించడం కాదు. రూలు చెప్పు."

అమ్మాయి తల వంచుకుని ఏడవసాగింది. తోంకా పక్క కుర్చీ వైపు చూసింది, దాని పక్క కుర్చీ వైపు చూసింది. ఎవరి కళ్లూ దొరకలేదు. పూజారి చెప్పినప్పుడు నమ్మలేదు, పోలీసులు చెప్పినప్పుడు నమ్మలేదు, ఊరంతా గొంతు తగ్గించి చెప్పినప్పుడు నమ్మలేదు. ఈ పిల్లలు మాత్రం ఎవరూ అడక్కముందే తన మాటే అన్నారు. అలాంటివాళ్లు కూడా, నిజం మనిషి అని తెలియగానే, నేల చూపులు చూస్తున్నారు.

సంచి ఒళ్లోంచి తీసి నేల మీద పెట్టింది.

"ఆ పుస్తకం ఇటు తే."

కామెన్ తన కాపీ ఇచ్చాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని, వాడు పోయే చోటు ఎక్కడ అని అడిగింది. పేజీ వాడే తీసిచ్చాడు. తోంకా చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదుపుతూ, వాక్యం కింద వేలు నడుపుతూ. సభ సభంతా ఆమె వేలినే చూస్తూ కూర్చుంది. బయట వీధిలో ఎవరో కారు స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. వెనెతా తల్లి కుర్చీ పక్కన నిలబడింది. కూర్చోవాలని తోచలేదు. ఎన్నో పేజీలో, ఎన్నో లైనులో ఉందో ఆమెకు తల్లి ఊపిరిని బట్టి తెలుస్తోంది. తాడు దగ్గరికి వచ్చింది. దాటింది. అధ్యాయం అయిపోయింది.

"ఇది తప్పు," అంది తోంకా.

"ఏదమ్మా?"

"చెప్పకుండా వెళ్లిపోయాడని రాశావు. వాడు వీధి చివర సిగరెట్లకి వెళ్తున్నా గుమ్మంలో నిలబడి, వెళ్తున్నానే, అని అరిచేవాడు. నేను బదులు పలికేదాకా కదిలేవాడు కాదు. తెలీదా నీకు?"

"తెలుసు."

"మరి?"

"మొదట అలాగే రాశాను. కొట్టేశాను," అంది వెనెతా. "అరిస్తే ఎవరికో ఒకరికి వినపడాలి కదమ్మా. పడవలో ఎవరికీ వినపడలేదన్నారు. అందరూ నిద్రలో ఉన్నారు."

"పడవ సంగతి వాళ్లు చెప్పింది. ఇది నువ్వు రాసింది."

"ఇక్కడా అందరూ నిద్రలోనే ఉన్నారు."

"వంటమనిషి?"

"ఆమె కూడా."

"చుక్కాని దగ్గర?"

"ఎవరూ ఉండరు. ఓడ తనంతట తనే నడుస్తుంది."

"మనిషి చనిపోతూ ఉంటే పన్నెండుమందీ పడుకున్నారా? పదకొండుమందీ?"

"పడుకున్నారమ్మా."

"మూడో దాంట్లో ఎవరైనా చెప్పాలి, నేను విన్నానని. ఆ రోజు పిలిచాడు, నేను విన్నాను, అని. వాడు తిరిగి రాకపోతే పోనీ. అడగను."

పోనీ అన్న మాట ఆమె నోటినుంచి రావడం గెర్గో విన్నాడు. గోడ వైపు తిరిగిపోయాడు.

"రాస్తాను," అంది వెనెతా.

"ఎవరు విన్నారని రాస్తావు?"

వెనెతా మనసులోనే ఓడంతా వెతికింది. ఒక్కొక్క గది తలుపూ తెరిచి చూసింది. అందరినీ తనే పడుకోబెట్టింది, ఒక్కొక్కరి దుప్పటీ తనే కప్పింది. ఆ పేజీలు అచ్చయిపోయాయి, వేలమంది చదివేశారు. ఇప్పుడు ఎవరో ఒకరు మేలుకున్నారంటే, ఈ గదిలో ఉన్న ఎవరూ నమ్మరు. అందరికంటే ముందు నమ్మనిది తన తల్లే.

తోంకా జవాబు కోసం ఆగలేదు. వేలు తడి చేసుకుని ఒక పేజీ వెనక్కి తిప్పింది. ఇంకోటి తిప్పింది.

"ఎవరో ఒకళ్లు మేలుకునే ఉంటారు," అంది, తనలో తనే.

పెదవులు కదుపుతూ, ఒక్కొక్క పేరు మీద వేలు ఆపుతూ, వెనక్కి వెనక్కి చదువుకుంటూ పోతోంది.